అరవై ఒకటో ఐటమ్

మార్చి 3, సోమవారం. సాయంత్రం

ఇందుమూలంగా ఈ నాలుగంతస్తుల పళ్ళాసుపత్రిని కట్టిన, కడుతున్న, కట్టానని చెప్పుకు తిరుగుతున్న యావన్మందికీ తెలియజేయడమేమనగా: సైట్ ఆఫీసులో ఒక కాలు పొట్టిదైన తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఈ రోజు నుంచి నా సొంత ఆస్తి. ఆ పొట్టికాలు కింద పెట్టిన ఇటుకముక్క కూడా నాదే. నా అనుమతి లేకుండా కూర్చున్నవాడి కింద నుంచి ఆ ముక్క లాగేసే సర్వహక్కులూ నావే. చదివినవాడు సంతకం పెట్టాలి. చదవలేనివాడు వేలిముద్ర వేయాలి. చదివి కూడా కూర్చున్నవాడికి దేవుడే దిక్కు.

పొద్దున్నే ఇది రాసి గోడకి అంటించాను. మధ్యాహ్నానికి పదకొండు వేలిముద్రలు, ఒక కాలిముద్ర పడ్డాయి. కాలిముద్ర మా బావమరిదిది. పాదం పెయింటు డబ్బాలో ముంచి మరీ వేశాడు.

బిల్డింగ్ పని అయిపోయింది. అయిపోయిందంటే అయిపోలేదని అర్థం. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అనలేదు. ఓనరు తరఫున ఒకాయన దిగాడు, పంచ్ లిస్టు రాయడానికి. గోడ మీద గీత, కిర్రుమనే తలుపు, వంకర స్విచ్‌బోర్డు, కారే కుళాయి. ఏ లోపం కనపడినా లిస్టులో ఒక నెంబరు, అక్కడికక్కడే అదే నెంబరు రాసిన నీలం టేపు ముక్క. మేం సరిచేసి, టేపు పీకి, లిస్టులో క్లోజ్డ్ అని సంతకం పెట్టాలి. అన్నీ క్లోజ్ అయితే తాళాలు అప్పగించి దండం పెట్టి బయటపడొచ్చు.

మొత్తం ఐటమ్స్ 214. కంపెనీ తరఫున సంతకం పెట్టే మహారాజుని నేను. ఉద్యోగం పేరు ఫినిషింగ్ సూపర్‌వైజర్. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడికి ఇంతకన్నా పొడుగు పేరు ఎవడిస్తాడు.

మార్చి 4, మంగళవారం

లిస్టు రాసే ఆయనకి భూతద్దం అని పేరు పెట్టాను. ఆయన దగ్గర భూతద్దం లేదు. ముఖమే గోడకి బెత్తెడు దూరంలో పెట్టి చూస్తాడు. గోడని చూస్తున్నాడో ముద్దు పెడుతున్నాడో తెలియదు. మూడో అంతస్తులో ఒక తలుపు గురించి మూలుగుతోంది అని రాశాడు. నలభై ఏళ్ళు దాటాక మనం మూలగడం లేదా సార్, దానికీ ఒక నెంబరు ఇవ్వండి అన్నాను. నవ్వలేదు. పెన్ను మూత పెట్టుకున్నాడు.

మా సైట్ ఇంజనీరు రేపు సారు. ఏది అడిగినా రేపు చూద్దాం అంటాడు కాబట్టి ఆ పేరు. పొద్దున్నే అందర్నీ లాబీలో నిలబెట్టి కాగితం చూసి చదివాడు. నీలం టేపు ఉన్న చోట ఆనుకోకండి, ఎక్కకండి, పట్టుకోకండి, టేపు లేని చోటే చెయ్యి వేయండి అని. ఎలక్ట్రీషియన్లు ఆవలించారు. ప్లంబరు చెవిలో పుల్ల పెట్టుకున్నాడు. విన్నది మా బావమరిది ఒక్కడే. వాడు అన్నీ వింటాడు. రోలరు గోడ మీద పెట్టేముందు కూడా టేపు ఉందా అని అటూ ఇటూ చూస్తాడు.

వాడు పెయింటరు. మా ఆవిడ తమ్ముడు. వాడికి ఐదేళ్ళప్పుడు తల్లి పోతే మా ఆవిడే పెంచింది. అంటే నేనూ పెంచినట్టే, అన్నం పెట్టడం తప్ప అన్నీ చేశాను. చెప్పులు దాచాను, కాఫీలో ఉప్పు వేశాను, పెళ్ళిచూపులకి వెళ్తుంటే చొక్కా జేబులో చింతపండు పెట్టాను. ఆ సంబంధం కుదరలేదు. చింతపండు వల్ల కాదని వాడే అన్నాడు. బావా, నీ వల్లే బతికిపోయాను అన్నాడు.

మార్చి 5, బుధవారం

భూతద్దం బ్యాగులోంచి టేపు ముక్క ఒకటి లేపేసి, దాని మీద 215 అని రాసి రేపు సారు హెల్మెట్ వెనక అంటించాను. లిస్టు కాపీలో కింద నేనే కలిపాను. ఐటమ్ 215. చోటు: సైట్ ఆఫీసు. లోపం: పనిచేయడం లేదు.

సాయంత్రం చూస్తే దాని పక్కన భూతద్దం తన గుండ్రటి అక్షరాలతో రాశాడు. సరిచేయడం సాధ్యం కాదు.

మనిషిలో విషయం ఉంది. ఊరికే అనుమానించాను.

ఈ రోజుకి 97 క్లోజ్డ్.

మార్చి 6, గురువారం

బావమరిది పడ్డాడు.

మార్చి 7

ఆసుపత్రి. కుర్చీలన్నీ ఒకదానికొకటి బోల్టు వేసి ఉన్నాయి. మూడో బోల్టు లూజు.

మార్చి 8, శనివారం. మధ్యాహ్నం 3:00

రాస్తాను. చేతికేమీ కాలేదు కదా.

గురువారం భోజనాలయ్యాక ఒంటిగంటా పావు. రెండో అంతస్తు మెట్ల దగ్గర వాడు నాకు వీపు పెట్టి కూర్చుని బ్రష్షు తుడుచుకుంటున్నాడు. ఆ వీపు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. వాడి వీపు మీద టేపు అంటించాలి అనిపించింది. లోపం ఉన్న వస్తువు అని. రోజూ పొద్దున్నే టేపు పాఠం అంత భక్తిగా వినేవాడి వీపు మీద టేపు. దాన్ని మించిన జోకు నాకు ఆ క్షణంలో కనపడలేదు.

రోలు భూతద్దం బ్యాగులో ఉంది. బ్యాగు తీసుకుని ఆయన భోజనానికి వెళ్ళాడు. నా చేతికి దగ్గర్లో ఉన్న టేపు రైలింగ్ మీదది. పీకాను. వాడి భుజం తట్టి, ఏరా తిన్నావా అని అడుగుతూ అంటించాను. తిన్నాను బావా, అక్క నీకు కూర ఎక్కువ పెట్టింది, నాకు తక్కువ పెట్టింది, రాసుకో లిస్టులో అన్నాడు.

టీ తాగి వచ్చి మళ్ళీ రైలింగ్‌కే అంటిద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. టీ దగ్గర ప్లంబరు వాడి వీపు చూసి నవ్వాడు. నెంబరు చూడలేదు, ప్లంబరుకి చదవడం రాదు. అంతలో రేపు సారు పిలిచి తాళాలు లెక్కపెట్టమన్నాడు. అప్పగించేటప్పుడు ప్రతి తాళంచెవికీ గది నెంబరు బిళ్ళ కట్టి ఇవ్వాలి. కింద సెల్లార్‌లో కూర్చుని కడుతున్నాను. నలభై ఆరు కట్టాను. పైన ధబ్బుమంది. ఎవడో ప్లైవుడ్ షీటు పారేశాడనుకున్నాను. వాడి అమ్మని తిట్టాను. నలభై ఏడు కట్టాను.

అప్పుడు కేకలు వినపడ్డాయి.

ఐటమ్ 61. చోటు: రెండో అంతస్తు మెట్ల దగ్గర రైలింగ్. లోపం: గోడకి పట్టించిన బ్రాకెట్ ఊడి ఊగుతోంది. పక్కనే గోడ మీద ఐటమ్ 63, పెయింటు మరక. బావమరిది ఆ మరక సరిచేయడానికి వెళ్ళాడు. అటూ ఇటూ చూసుంటాడు. వాడు తప్పకుండా చూస్తాడు. రైలింగ్ మీద టేపు లేదు. ఎడం చెయ్యి రైలింగ్ మీద ఆనించి కుడిచేత్తో బ్రష్షు ఎత్తాడు.

కింద లాబీలో గ్రానైట్ మీద గీతలు పడకుండా అట్టలు పరిచాం. వాడు ఆ అట్టల మీద పడ్డాడు. రాయికేమీ కాలేదు.

తుంటి ఎముక విరిగింది. నడుములో ఒక పూస చితికింది. ఆపరేషన్ చేశారు. ఎడం కాలు మోకాలి కింద గిల్లితే తెలియడం లేదట. వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. మా ఆవిడ ఆయన చేతులు పట్టుకుంది. నేను ఆయన బల్ల మీద పెన్‌స్టాండ్ చూస్తున్నాను. దానికి అంచు పగిలింది.

మార్చి 9, ఆదివారం

వాడి చొక్కా నర్సు కత్తెరతో కోసి కవర్లో వేసి ఇచ్చిందట. మా ఆవిడ ఆ కవరు నా చేతిలో పెట్టి, నేను చూడలేను, మీరే పారేయండి అంది.

మెట్ల కింద నిలబడి తీశాను. వీపు ముక్క మీద టేపు అలాగే ఉంది. గుండ్రటి అక్షరాలతో 61. మంచి టేపు. ఇంత జరిగినా అంచు కూడా లేవలేదు.

పీకాను. ఉండ చేశాను. శనగగింజంత అయింది. చొక్కా ఒక డబ్బాలో, ఉండ ఇంకో డబ్బాలో వేశాను. వేరువేరుగా ఎందుకు వేశానో నాకు తెలుసు.

దొంగకి తేలు కుడితే అరవలేడంటారు. నాకు కుట్టినట్టు కూడా తెలియడం లేదు.

మార్చి 10, సోమవారం

సైట్ ఆఫీసులో మీటింగు. రేపు సారు, భూతద్దం, నేను. భూతద్దం ఫోన్‌లో ఫొటో చూపించాడు. రైలింగ్, దాని మీద నీలం టేపు, నెంబరు 61, గురువారం ఉదయం పదకొండూ ఇరవై. నేను అంటించాను, ఇది రుజువు అన్నాడు. రేపు సారు, పడ్డాక తీసిన ఫొటోలో టేపు లేదు, మధ్యలో ఎవరు తీశారు అన్నాడు. మొదటిసారి ఆయన నోట రేపు అనే మాట రాలేదు.

చీపురు పిన్నిని పిలిచారు. ఆమె మా దగ్గర ఊడ్చే మనిషి. అరవై దాటుంటాయి. అందరూ పిన్ని అంటారు, రేపు సారు కూడా. గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే కాళ్ళకి దుమ్ముంది బాబూ అంది. గురువారం మధ్యాహ్నం ఎక్కడున్నావని అడిగారు. మెట్లు ఊడ్చాను బాబూ అంది. టేపులేమైనా తీశావా అన్నారు. అయ్యో, నేనెందుకు తీస్తాను, కింద పడ్డవే ఊడుస్తాను, అంటించినవాటి జోలికి పోను అంది. కింద పడ్డవాటిలో నీలంది ఉందా అన్నారు. ఏమో బాబూ, చెత్తలో రంగులెవరు చూస్తారు అంది. కళ్ళజోడు ఏది అన్నారు. ఇంట్లో ఉంది బాబూ, ఒక అద్దం పగిలింది అంది.

అంతే. రేపు సారు కుర్చీలో వెనక్కి వాలాడు. మనిషికి దారి దొరికినప్పుడు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ముఖం.

తర్వాత నా వైపు తిరిగి, ఆమేనంటావా అని అడిగాడు.

ఏమో సార్, అయ్యుండొచ్చు అన్నాను.

మూడు మాటలు. ఎక్కువ కాదు.

పిన్ని నా వైపు చూసింది. చూసిందని అనుకుంటున్నాను. నేను ఆమె చీపురు చూస్తున్నాను. కట్టు వదులైంది.

మార్చి 11

ఈ రోజుకి 121 క్లోజ్డ్.

మార్చి 12, బుధవారం

ఈ రోజుకి 160. వేగంగా సాగుతోంది. నేను ఎవరితోనూ వేళాకోళం ఆడకపోతే పని ఇంత వేగంగా అవుతుందని ఇరవై ఏళ్ళలో మొదటిసారి తెలిసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి, అన్నా ఒంట్లో బాగా లేదా అన్నాడు. బాగుంది అన్నాను. నా కుర్చీలో కూర్చున్నాడు. నేను ఇటుక లాగలేదు. కాసేపు చూసి వాడే లేచిపోయాడు.

అరవై ఒకటి రైలింగ్ బ్రాకెట్ కొత్తది వేశారు. నేను వెళ్ళి రెండు చేతులతో ఊపి చూశాను. కదల్లేదు. నా బరువంతా వేశాను. కదల్లేదు. ఇంకా వేశాను. వెనక నుంచి భూతద్దం చాలండి అన్నాడు.

తర్వాత మెట్ల మీదే లిస్టు తెరిచి చూపించాడు. పని పూర్తయింది, కానీ ప్రమాదం జరిగిన ఐటమ్ కాబట్టి కారణం అనే గడి నింపాలట. టేపు ఎలా పోయిందో రాసి కంపెనీ తరఫున సూపర్‌వైజర్ సంతకం పెట్టాలట. ఆ గడి ఖాళీగా ఉంటే నేను బిల్డింగ్ తీసుకోను అన్నాడు. శుక్రవారం లోపల కావాలి అన్నాడు. తర్వాత, ఇది చెప్పాలో లేదో అన్నట్టు, మీ బావమరిది చాలా జాగ్రత్త మనిషండీ, గోడ అంచుల్లో ఆయన గీసిన గీత నేను ఎక్కడా తప్పు పట్టలేకపోయాను అన్నాడు.

214లో వాడి పని మీద వచ్చినవి మూడు. మూడూ వేరేవాళ్ళు పాడుచేసినవే.

మార్చి 13, గురువారం. సాయంత్రం 6:30

ఈ రోజు వాడితో చెప్పేశాను.

నాలుగింటికి మా ఆవిడ మందుల షాపుకి వెళ్ళింది. గదిలో వాడూ నేనూ. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని మొత్తం చెప్పాను. టేపు, వీపు, టీ, తాళాలు, చొక్కా, ఉండ. మధ్యలో ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

వాడు పైకప్పు చూస్తూ విన్నాడు. తర్వాత నవ్వాడు. నవ్వితే నడుము లాగింది కాబోలు, మధ్యలో ఆపేశాడు. అంటే నా వీపు మీద టేపుతోనే పడ్డానా బావా అన్నాడు. అవును అన్నాను. నీలాంటి వెధవ ఎక్కడా ఉండడు అన్నాడు. అవును అన్నాను. అక్కకి చెప్పకు, అక్క తట్టుకోలేదు అన్నాడు. సరే అన్నాను. ఆ గడిలో వాళ్ళు ఏం రాయమంటే అది రాసి సంతకం పెట్టెయ్, నీ ఉద్యోగం కూడా పోతే ఇంట్లో ముగ్గురం నా కాలు చూస్తూ కూర్చోవాలి అన్నాడు. మరి పిన్ని అన్నాను. ఆమెకి ఇంకో సైట్ దొరుకుతుందిలే బావా, నాకు ఇంకో బావ దొరకడు అన్నాడు.

బావ బతుకు బావమరిది కోరతాడని సామెత. మా ఇంట్లో నిజంగానే కోరాడు.

మా ఆవిడ వచ్చింది. ఏంట్రా నవ్వుతున్నావు, ఈయన మళ్ళీ ఏం చేశాడు అని అడిగింది. ఏం లేదక్కా అన్నాడు.

బయటికొచ్చి మంచినీళ్ళు తాగాను. చల్లగా ఉన్నాయి. ఈ వారంలో నాకు చల్లగా తెలిసింది ఇదే.

మార్చి 14, శుక్రవారం

ఐటమ్ 61. కారణం: శుభ్రం చేసే సిబ్బంది పొరపాటున టేపు తొలగించారు. రేపు సారు చెప్పాడు, నేను రాశాను. సిబ్బంది అనే మాట ఎలా రాయాలో ఒకసారి అడిగాను. సంతకం నాది.

వాడే పెట్టమన్నాడు.

పదకొండింటికి పిన్నిని రావద్దన్నారు. చీపురు, చెత్త తీసే చేట, గుడ్డలు అన్నీ కడిగి స్టోరు గదిలో వరసగా పెట్టింది. స్టోరు తాళం తెచ్చి నాకిచ్చింది. బిళ్ళ కట్టలేదు బాబూ, మీరు కట్టుకోండి అంది. కట్టాను. 84 తాళాల్లో అది ఆఖరిది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఏంటి పిన్నీ తొందరగా వెళ్తున్నావంటే, పని అయిపోయింది నాయనా అంది. ఆ మాట నిజమే. అందరి పనీ అయిపోయింది.

మార్చి 17, సోమవారం

హ్యాండోవర్. 214కి 214 క్లోజ్డ్.

తాళాలు, లిఫ్టు వారంటీ కాగితాలు, పంపు ఎలా వేయాలో పుస్తకం, గోడల్లో పైపులు ఎక్కడెక్కడ పోయాయో చూపించే డ్రాయింగులు, మిగిలిన టైల్స్ రెండు పెట్టెలు, పెయింటు ఒక్కో రంగు ఒక్కో డబ్బా. అన్నిటికీ సంతకాలు తీసుకున్నాను. పెయింటు డబ్బాల మీద వాడి చేతిరాతతో చీటీలు ఉన్నాయి. మెట్లు, లాబీ, పిల్లల గది.

పళ్ళ డాక్టర్లు వచ్చి ఒక్కో కుర్చీ ఎక్కి పడుకుని చూశారు. పైకి కిందకి ఆడించుకున్నారు. ఒకావిడ రెండో అంతస్తు రైలింగ్ మీద రెండు మోచేతులూ ఆనించి లాబీ చూస్తూ, ఎంత బాగా వచ్చిందో అంది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆమె దిగిపోయేదాకా కదల్లేదు.

రేపు సారు నా చెయ్యి ఊపి, రేపు కొత్త సైట్ దగ్గర కలుద్దాం అన్నాడు. భూతద్దం చేయివ్వలేదు. నమస్కారం పెట్టాడు. మీ బావమరిదిని అడిగానని చెప్పండి అన్నాడు.

టేపుల్లేని గోడలు చూస్తే ఎవరో బట్టలు విప్పినట్టు ఉంది.

మార్చి 19

వాడిని ఇంటికి తెచ్చాం. ముందు గదిలో మంచం వేశాం. కాలు ఇంకా తెలియడం లేదు. పొద్దున బొటనవేలు కదిలినట్టు అనిపించిందని మా ఆవిడ అంది. వాడు కదల్లేదక్కా, దుప్పటి కదిలింది అన్నాడు.

మార్చి 20

వాడి కాలికి నూనె రాశాను. తెలుస్తోందా అని అడిగాను. నీ చెయ్యి కనపడుతోంది బావా, తెలియడం లేదు అన్నాడు.

నాకూ అంతే అని అనబోయి ఊరుకున్నాను.

మార్చి 22, శనివారం. ఉదయం 10:00

చీపురు పిన్ని వచ్చింది.

గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో కవరు, కవర్లో నాలుగు అరటిపళ్ళు. ఇల్లు ఎలా కనుక్కుందో. వాచ్‌మన్‌ని అడిగి, రెండు బస్సులు మారి వచ్చానంది. నేను గేటు తీయలేదు. తీయకూడదని కాదు, చెయ్యి గొళ్ళెం మీదే ఉండిపోయింది.

ఆమె చాలా నెమ్మదిగా మాట్లాడింది. బాబూ, నేను తీయలేదని అప్పుడు గట్టిగా అన్నాను కానీ, ఇంటికెళ్ళాక పడుకుంటే తీశానేమో అనిపిస్తోంది అంది. రైలింగ్ గుడ్డ పెట్టి తుడుస్తాను కదా, గుడ్డకి అంటుకుని వచ్చేసిందేమో, నాకు కనపడలేదేమో అంది. నిన్న కలలో తీశాను బాబూ అంది. నా చేత్తోనే పీకాను, చర్రుమని శబ్దం కూడా వినపడింది అంది. అబ్బాయిని ఒకసారి చూసి, కాళ్ళు పట్టుకుని వెళ్ళిపోతాను అంది.

నేను ఏదో అనేలోపు మా ఆవిడ వచ్చింది. వచ్చి ఆ కవరు చూసింది, ఆమెని చూసింది. టేపు సంగతి ముందే విని ఉంది కాబట్టి, ఆమె ఎవరో చెప్పకుండానే తెలిసిపోయింది. పళ్ళు తెచ్చావా, నడిచే కాలు తెచ్చావా అని అడిగింది. ఐదేళ్ళవాణ్ణి చంకన వేసుకుని పెంచాను, నీకు చూపు లేకపోతే ఇంట్లో కూర్చోవాలి, ఊడిస్తే చెత్త ఊడవాలి, మనుషుల్ని కాదు అంది. ఇంకా చాలా అంది. పక్కింటివాళ్ళు తలుపులు తీశారు. మా ఆవిడ ఎవరినీ ఇలా అనగా నేను వినలేదు. నా మీద కూడా ఇంత నోరు ఎప్పుడూ చేసుకోలేదు.

పిన్ని అన్నిటికీ అవునమ్మా, అవునమ్మా అంది. నిజమేనమ్మా, నాదే తప్పు అంది.

లోపల మంచం మీద నుంచి వాడు, బావా ఎవరు, అక్క ఎందుకు అరుస్తోంది అని పిలిచాడు.

కరెంటు మీటరు చూసేవాడు, రీడింగు తప్పు రాశాడు అన్నాను.

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. ఆలోచించనే లేదు.

పిన్ని కవరు గేటుకి తగిలించి వెళ్ళిపోయింది. మా ఆవిడ ఆ కవరు ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు. గంట తర్వాత చూస్తే ఎవరో పట్టుకుపోయారు.

మార్చి 23

పదమూడో తారీఖున వాడన్నాడని నేను రాసిన మాటలు వాడు అనలేదు. నవ్వలేదు కూడా. నేను చెప్పనేలేదు.

స్టూలు లాక్కుని కూర్చున్నంతవరకే నిజం. కూర్చోగానే వాడే అడిగాడు, టేపు ఎవరు తీశారో తెలిసిందా బావా అని. చీపురు పిన్ని అన్నాను. వాడు, పెద్దావిడ, కావాలని చేస్తుందా, పనిలోంచి తీయొద్దని నా మాటగా సార్‌కి చెప్పు అన్నాడు.

చెబుతానన్నాను.